75 నిమిషాల క్యాండిల్ ఎక్కడ మొదలవుతుంది?

విజయనగరం నుంచి అందరికీ నమస్కారమండి. షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ గంట చార్టు నేనొక సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను, మీరు ఇంకోదాంట్లో పెట్టారు. డేటా ఒకటే, క్యాండిల్స్ మాత్రం కలవట్లేదు. క్యాండిల్ అన్నా బార్ అన్నా ఒకటేనండి, అంత సేపట్లో ధర ఎలా కదిలిందో చూపే గీత. ఏటి కారణం? గంటని ఎవరు ఎక్కడ్నుంచి లెక్కపెట్టారన్నదే.

మన గంటస్తంభం గడియారం పది కొడితే గంట మారినట్టే. దాని పక్కనే తొమ్మిదింబావుకి షట్టర్ తీసిన కొట్టుకి మాత్రం మొదటి గంట పదింబావుకి నిండుతుంది. చార్టుల్లోనూ ఈ రెండు లెక్కలూ ఉన్నాయి: ఒకటి గడియారం లెక్క, రెండోది మార్కెట్ తెరిచిన దగ్గర్నుంచి లెక్కపెట్టే సెషన్ లెక్క.

స్క్రీన్ చూడండి. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్‌ఎస్‌ఈ)లో ట్రేడింగ్ మొదలయ్యేది 9:15కి. గడియారం లెక్క చార్టులో మొదటి బార్ 9 నుంచి 10 దాకా. అందులో ఉన్నది 45 నిమిషాల ట్రేడింగే. సెషన్ లెక్కలో అదే బార్ 9:15 నుంచి 10:15 దాకా. ఇప్పుడు 10:08కి నిఫ్టీ ఒక్కసారి పైకి లేచి కిందికొచ్చిందనుకోండి. సెషన్ చార్టులో ఆ హై, అంటే ఆ గరిష్ఠ ధర, మొదటి బార్‌లోనే కలిసిపోయింది. గడియారం చార్టులో రెండో బార్‌లో పడింది. మొదటి గంట హై దాటితే కొందామని కూర్చున్న ఇద్దరిలో గడియారం చార్టు చూసినవారు 10:08కే కొనేశారు, సెషన్ చార్టు చూసినవారికి సిగ్నలే రాలేదు. డబ్బులు పోయేది ఇక్కడేనండి, అందుకే ఇంతగా చెప్తున్నాను.

చార్టు యూటీసీ గంటలతో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక టైముతో, కడితే ఇంకా చిక్కు. మన టైములో 8:30 నుంచి 9:30 ఒక బార్ అవుతుంది. అందులో మార్కెట్ పావుగంటే.

సరే, సెషన్ లెక్కే పెట్టుకున్నాం. 3:30 దాకా మొత్తం 375 నిమిషాలు. 60 చొప్పున కోస్తే ఆరు నిండు బార్లు, చివర 3:15 దగ్గర పావుగంట ముక్క. మూవింగ్ యావరేజ్‌కి, అంటే గత కొన్ని బార్ల ధరల సగటుకి, ఆ ముక్కా ఒకటే, నిండు గంటా ఒకటే. 45 పెట్టినా చివర 15 మిగులుతుంది. 75 పెడితే సరిగ్గా ఐదు బార్లు, 125 అయితే మూడు. నా ఓటు 75కే. దీపావళి ముహూర్త ట్రేడింగ్ గంటసేపే కాబట్టి ఆ రోజు బార్ పొట్టిగానే ఉంటుంది, బ్యాక్‌టెస్ట్‌లో, అంటే పాత డేటా మీద మీ పద్ధతిని పరీక్షించేటప్పుడు, దాన్ని పక్కన పెట్టండి.

మీ చార్టు ఏ లెక్కలో ఉందో ఇప్పుడే చూసుకోండి. 75 నిమిషాలు పెట్టి, రోజులో మొదటి బార్ మీద కర్సర్ ఉంచండి. 9:15 అని వస్తే బార్ మొదలైన టైము చూపిస్తోంది. 10:30 అని వస్తే ముగిసిన టైము. రెండూ సరైనవే, మీది ఏదో తెలిస్తే చాలు. 8:45 అని వచ్చిందా? అర్ధరాత్రి నుంచి 75 చొప్పున కూడుకుంటూ వచ్చిందన్నమాట. ఏడు 75లు 525 నిమిషాలు, అంటే 8:45. సెట్టింగ్స్‌లోకి వెళ్లి సెషన్ మొదలు 9:15 అని ఇవ్వండి. ఇచ్చాక నిన్నటి రోజుకి ఐదు బార్లు వచ్చాయో లేదో లెక్కపెట్టి చూడండి.