పెప్టైడ్ సీరం: సీసా మీది శాతానికి అర్థం వేరు

సీసా మీద పెద్ద అక్షరాలతో ‘పెప్టైడ్ కాంప్లెక్స్ 10 శాతం’ అని ఉంటుంది. అందులో అసలు పెప్టైడ్ ఎంత? ముందు ఆ లెక్క తేల్చుకుందాం. ఏ పూట రాయాలి, దేనితో కలపకూడదు అన్నవి తర్వాత చూద్దాం.

కొన్ని అమైనో ఆమ్లాలు వరుసగా కలిస్తే పెప్టైడ్. ఆ గొలుసు బాగా పొడవైతే ప్రోటీన్. చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అలాంటి ప్రోటీనే. ఎండకో, వయసుకో కొలాజెన్ తెగినప్పుడు, తెగిన ముక్కలే చుట్టూ ఉన్న కణాలకు ‘కొత్తది తయారు చేయండి’ అని కబురు అందిస్తాయి. క్రీముల్లో వాడే పెప్టైడ్లు చాలావరకు ఈ ముక్కలకు నకళ్లే. అంటే కొలాజెన్ తెగకుండానే తెగిందని చర్మానికి అబద్ధం చెబుతున్నామన్న మాట. ఆలోచన మాత్రం భలే తెలివైనది.

వీటిలో పరీక్షకు నిలబడినది పాల్మిటాయిల్ పెంటాపెప్టైడ్-4. మ్యాట్రిక్సిల్ అన్న పేరు మీరు విని ఉంటారు, అదే ఇది. ఐదు అమైనో ఆమ్లాలకు ఒక కొవ్వు ఆమ్లాన్ని తగిలించారు. చర్మం పై పొర నీటిలో కరిగేవాటిని ఒక పట్టాన లోపలికి రానివ్వదు, అందుకని ఆ కొవ్వు. 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 93 మంది మహిళలు ముఖంలో ఒక సగానికి ఇది కలిపిన క్రీము, రెండో సగానికి కలపనిది 12 వారాలు రాసుకున్నారు. కలిపిన వైపు ముడతలు కొంత తగ్గాయి. కొంత మాత్రమే. పైగా ఆ అధ్యయనం చేసింది క్రీములు అమ్మే సంస్థ వాళ్లే, ఆ సంగతి మరవకండి.

ఆ క్రీములో పెప్టైడ్ ఎంతో తెలుసా? పది లక్షల భాగాల్లో 3 భాగాలు. శాతంలో చెప్పాలంటే 0.0003.

మరి సీసా మీది 10 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? క్రీముల తయారీదారులు పెప్టైడ్‌ను సాధారణంగా పొడిగా కొనరు. గ్లిజరిన్, నీళ్లలో కాస్తంత పెప్టైడ్ కలిపిన ద్రావణంగా కొంటారు. ఆ ద్రావణం 10 శాతం పోస్తే సీసా మీద 10 శాతం అని వేస్తారు. పది చెంచాల ఉప్పునీళ్లు పోసి పది చెంచాల ఉప్పు వేశానన్నట్టు! కాబట్టి 10 శాతం సీసా 5 శాతం సీసా కంటే రెట్టింపు పని చేస్తుందనుకోవద్దు. పదార్థాల జాబితాలో పెప్టైడ్ పేరు చివర్లో ఉన్నా కంగారు పడనక్కర్లేదు. ఇంత తక్కువ మోతాదులో వాడేది అక్కడే ఉంటుంది.

ఇక ఆర్జిరెలైన్ అనే పెప్టైడ్. ‘సూది లేని బొటాక్స్’ అని అమ్ముతారు. బొటాక్స్‌ను ముడతలు తెచ్చే కండరాన్ని సడలించడానికి సూదితో నేరుగా కండరంలోకి ఎక్కిస్తారు. క్రీము చర్మం పొరలన్నీ దాటి కండరం దాకా పోవాలి. 500 డాల్టన్లు (అణువు బరువుకు కొలత) దాటిన అణువు చర్మంలోకి దిగడం కష్టమని చర్మవైద్యంలో ఒక లెక్క ఉంది. ఆర్జిరెలైన్ దాదాపు 889. నేనైతే దీనికి డబ్బు పెట్టను.

కాపర్ పెప్టైడ్‌ది వేరే కథ. దీనిలోని జీహెచ్‌కే అనే మూడు అమైనో ఆమ్లాల గొలుసును లోరెన్ పికార్ట్ అనే శాస్త్రవేత్త 1973లో మనిషి రక్తంలోని ప్లాస్మాలో గుర్తించారు. రాగి వల్ల సీరం చక్కటి నీలం రంగులో ఉంటుంది. అదే రాగి విటమిన్ సిని ఆక్సీకరణకు గురిచేస్తుంది. అందుకే రెండూ ఒకే పూట వద్దు. పొద్దున విటమిన్ సి, రాత్రి కాపర్ పెప్టైడ్ చాలు.

రాసే పద్ధతి సులువే. ముఖం కడుక్కున్నాక సీరం, దాని మీద మాయిశ్చరైజర్. పెప్టైడ్ ఉన్న ఫేస్‌వాష్ కొనకండి, నిమిషంలో కడిగేసేదానికి అది దండగ. పొద్దున సీరం ఆరకముందే సన్‌స్క్రీన్ రుద్దితే తెల్లటి నలుసులు వేళ్ల కింద ఉండలు కడతాయి. ఆ ఉండలతో పాటు సన్‌స్క్రీన్ కూడా లేచిపోతుంది. రెండు చుక్కలతో సరిపెట్టి, ఆరనిచ్చి, ఆ తర్వాత సన్‌స్క్రీన్‌ను రుద్దకుండా అద్దండి.

చేతిలో డబ్బు తక్కువైతే ముందు సన్‌స్క్రీన్, ఆ తర్వాత రెటినాయిడ్ (విటమిన్ ఎ కుటుంబానికి చెందిన మందు). ముడతల విషయంలో రెటినాయిడ్‌కు ఉన్న రుజువులు పెప్టైడ్లకు లేవు. అయితే రెటినాయిడ్ రాస్తే మంట, పొట్టు రేగడం తట్టుకోలేని వారికి పెప్టైడ్ మంచి ఆసరా, దీనితో అలాంటి బాధ చాలా అరుదు. మూడు నెలలు వాడండి. మొదటి రోజు, చివరి రోజు ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో ఫోటో తీసి పోల్చండి. తేడా కనిపించకపోతే రెండో సీసా కొనకండి.