కాటన్ దొర గుర్రానిది ఏ రంగు?

(మన ఊరి శాఖా గ్రంథాలయం వేసవి శిబిరంలో ఒక విశ్రాంత డ్రాయింగ్ మేస్టారు చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకి, వేదిక మీదున్న పెద్దలకి, కింద చాపల మీద కూర్చున్న పిల్లలకి నమస్కారమండి. సర్పంచ్ గారికి మాత్రం రెండు నమస్కారాలు. రెండోది ఎందుకో ఆఖర్న తెలుస్తుంది. ఈ ఎండల్లో శాలువా వద్దు మొర్రో అన్నాను, వినలేదు, కప్పేశారు. సరే, ఉక్కపోసినా ఉంచుకుంటాను.

నాకిచ్చిన అంశం “ఊరుమ్మడి చోట్లలో కళ”. నాలుగు కాగితాలు రాసుకొచ్చాను. మొదటి కాగితమంతా దామెర్ల రామారావు గారే. 1897లో రాజమండ్రిలో పుట్టి, 1925లో మశూచి సోకి, 28 ఏళ్ళు నిండకుండానే పోయారాయన. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిని కనిపెట్టి బొంబాయిలో బొమ్మల చదువుకి పంపాడు. ఆయన పేరుమీద గ్యాలరీ రాజమండ్రిలోనే ఉంది. ఎంతమంది చూశారు? చేతులెత్తండి. ఒకటి, రెండు... బాబూ, నువ్వు గోక్కుంటున్నావా, ఎత్తావా? సరే, రెండున్నర.

మిమ్మల్ని తప్పుపట్టడం లేదండి. గ్యాలరీకి మనం పనిగట్టుకుని వెళ్ళాలి. నేను చెప్పబోయేది మన దారికే అడ్డంగా వచ్చి నిలబడే కళ గురించి. పాలకేను పట్టుకుని వెళ్తుంటే ఎదురయ్యేది. దానికి టిక్కెట్టు లేదు, తలుపు లేదు.

మా అమ్మగారి పుట్టిల్లు గంగలకుర్రు అగ్రహారం. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళనివాళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరు కాబట్టి వర్ణించను. పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి పెట్టి భుజాలమీద మోసుకొచ్చే ఎత్తైన వెదురు కట్టడాలు. తోటలో గుడి లేదు, గోపురం లేదు, కొబ్బరిచెట్లు. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్రం శకటంగా అదే వెళ్ళింది. టీవీలో చూసి మా మావయ్య ఒకటే మాటన్నాడు, “మోసేవాళ్ళు లేకుండా చక్రాల మీద పోతోందేంట్రా?” అని.

ఆ మాట నేను చాలా రోజులు నమిలానండి. ప్రభ అంటే వెదురు, గుడ్డ, రంగుల ఊలు దారం. వాన పడితే పాడైపోయే సరుకు. కానీ వెదురు కోసేది ఒకళ్ళు, కట్టేది ఒకళ్ళు, దారం చుట్టేది ఒకళ్ళు. నా చిన్నప్పుడు ఎర్ర దారం ఉండ పట్టుకుని నిలబడ్డం నా ఉద్యోగం. అంతే! అయినా “మా ప్రభ” అని బళ్ళో ఏడాదంతా చెప్పుకునేవాణ్ణి. కౌశిక ఏట్లో పీకల్లోతు నీళ్ళలో దాన్ని తడవకుండా భుజాలమీద దాటించేటప్పుడు, “అశ్శరభ శరభ” అని గట్టుమీద అరుస్తుంటే, ఆ ఎర్ర దారం ఎక్కడుందోనని వెతుక్కునేవాణ్ణి. పచ్చటి చేలో అడుగులు పడినా రైతు ఏమీ అనడు, శుభం అంటాడు. అదే చేలోకి మీ దూడ వెళ్ళిందనుకోండి, పంచాయితీయే!

అంతర్వేది రథం 2020లో కాలిపోయినప్పుడు కూడా ఇంతే. కొత్తది కొద్ది నెలల్లో చేశారు, బాగుంది. కానీ పాతదాని తాడు లాగిన చేతులున్నాయి చూశారూ, అవి చాలాకాలం ఊరుకోలేదు.

రెండో కాగితం ఎక్కడో కలిసిపోయింది. వదిలేద్దాం. మన సెంటర్లోకి వద్దాం.

కాటన్ దొర గురించి ఈ డెల్టాలో నేను కొత్తగా చెప్పేదేముంది? 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. ఊరూరా సిమెంటు గుర్రమెక్కి కూర్చున్నాడు. మన సెంటర్లో విగ్రహానికి ఏటా మే 15న వచ్చే ఆయన పుట్టినరోజుకి ముందు రంగు వేసేది మా నాన్నగారు. రైసుమిల్లుల బోర్డులు, లారీల వెనక నెమళ్ళు రాసే చెయ్యి ఆయనది. దొర కోటు విషయంలో ఎప్పుడూ గొడవ లేదు. గొడవంతా గుర్రం దగ్గరే. తెలుపు వేస్తే ఒకాయన “దొరలు ఎర్రగుర్రమే ఎక్కుతారు” అనేవాడు. ఎర్రది వేస్తే ఇంకొకాయన “రాణా ప్రతాప్ గుర్రంలా ఉంది” అనేవాడు. టీకొట్టు దగ్గర నాలుగు రోజులు అదే చర్చ. మా నాన్న విసిగిపోయి, “దొరని చూసినవాడు లేడు, గుర్రాన్ని చూసినవాడు అసలే లేడు. ఏడాదికో వీధి చెప్పండి, ఆ రంగే వేస్తాను” అన్నారు.

అలా వీధుల వంతు వచ్చింది. పెద్దవీధి అయింది, సాలెలవీధి అయింది, కాలవగట్టు అయింది. దళితులుండే పేట వంతు ఎవరూ ఎత్తలేదు. మా నాన్నే వెళ్ళి అడిగారు. వాళ్ళు ఒక రాత్రంతా మాట్లాడుకుని నల్లగుర్రం, నుదుట తెల్లచార అన్నారు. పెద్దవీధిలో కొందరు సణిగారు. ఆయన వేసేశారు. మర్నాడు పొద్దున్నే పేట నుంచి ఒక ముసలాయన వచ్చాడు. పేరు చెప్పను, మనవలు ఈ సభలోనే ఉన్నారు. సెంటర్లో ఆగడం అలవాటులేని మనిషి, విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగి, “నుదురు బాగా కుదిరిందయ్యా” అని వెళ్ళిపోయాడు.

ఇంకొక్కటి. మా నాన్న ఎప్పుడూ తోక దగ్గర మొదలెట్టేవారు. మొహం ముందు వేస్తే జనం మెచ్చుకుంటారు కదా అని నేనంటే, “దొర పెద్దవీధికేసి చూస్తున్నాడు. పేట నుంచి వచ్చేవాళ్ళకి ముందు కనబడేది ఇదేరా” అన్నారు. నేను ముప్ఫై ఏళ్ళు డ్రాయింగ్ చెప్పాను. ఇంతకన్నా మంచి పాఠం నా దగ్గర లేదు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. చూడండి, నేనూ చూస్తున్నాను.

నా సొంత గోడు ఒకటుంది, కక్కేస్తాను. 2015 పుష్కరాల ముందు మన రేవు గోడకి, మెట్ల పక్కన, 23 మంది పిల్లలూ నేనూ కలిసి బొమ్మలు వేశాం. రేవు దాటించే పంటి, నాటుపడవ, కొబ్బరి దింపు. చేపలమ్మే ఆవిడ గంప దించి “నన్ను వెయ్యరా?” అంది. ఒక పిల్ల ఆవిణ్ణి గేదె కన్నా పెద్దగా వేసేసింది. నవ్వకండి, ఆ పిల్ల లెక్క ఆ పిల్లకుంది! ఆ తరవాత ఆ గోడ మీద ఎవడన్నా కిళ్ళీ ఉమ్మితే ఆవిడ తిట్టే తిట్లు ఇక్కడ చెప్పలేను. మూడేళ్ళు అక్కడ చెత్త పడలేదు. తరవాత ఒక రాత్రి పుట్టినరోజు ఫ్లెక్సీకి మేకులు కొట్టారు, గేదె కంట్లోనే. ఆ తరవాత సుందరీకరణ అని వచ్చి అంతా ఒకే నీలంరంగు పూసి, పైన ఫైబర్ కొంగల్ని పెట్టారు. ఏవండీ, నిజం కొంగలు పక్కచేలో నిలబడి చూస్తున్నాయి! నేను వెళ్ళి అడిగితే సదరు పెద్దమనిషి, “డిజైను పైనుంచి వచ్చింది మేస్టారూ” అన్నాడు. పైనుంచి వచ్చేది మనకి నీళ్ళు ఒక్కటే కదండీ, అవి కూడా లాకుల దగ్గర మనం అడిగితేనే.

ఇప్పుడు కాలవకి నీళ్ళు కట్టేశారు కదా, వెళ్ళి చూడండి. కొంగల కాళ్ళ కింద ఏముందో నేను చెప్పను. చేపలావిడ ఆ వైపే చూడదు. 2027లో మళ్ళీ పుష్కరాలు, మళ్ళీ డిజైన్లు వస్తాయి. అప్పుడు కూడా ఊరుకుంటారా?

ఇక సర్పంచ్ గారికి రెండో నమస్కారం. కాటన్ విగ్రహానికి చుట్టూ ఇనుప గ్రిల్లు, తాళం, పైన రేకు వేయిస్తారని విన్నాను. మంచి ఉద్దేశంతోనే, నాకు తెలుసు. ఈ జిల్లాలో ఏ మహానుభావుణ్ణి చూసినా ఊచల వెనకే ఉన్నాడు. బయట తిరుగుతున్నది మనం, లోపల ఉన్నది వాళ్ళు! మన ర్యాలి గుడిలో స్వామి విగ్రహం ముందు నుంచి కేశవుడు, వెనక నుంచి మోహిని. చుట్టూ తిరక్కపోతే సగమే చూసినట్టు. గ్రిల్లు వేస్తే మన దొర చుట్టూ ఎవరు తిరుగుతారు? తాళంచెవి ఏ వీధిలో ఉంటుంది? నాకు అదొక్కటి చెప్పండి, కూర్చుంటాను.

...ఆలోచిస్తానన్నారు. అది చాలు. చప్పట్లు తరవాత.

గ్రిల్లుకని పక్కన పెట్టిన డబ్బులో ఎనామిల్ డబ్బాలు నాలుగొస్తాయి. మే 15కి ఇంకా ఎనిమిది రోజులుంది. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి, ఎండ ఎక్కకముందు, పిల్లలంతా సెంటర్‌కి వచ్చేయండి. నిచ్చెన నేను తెస్తాను. పాత బట్టలు వేసుకోండి, అమ్మ చేత తిట్లు నాకు వద్దు. గుర్రం రంగు ఏ వీధి వంతో మీరే చీటీలు వేసుకోండి, పేట చీటీ మర్చిపోకుండా. మీరు మొహం వేసుకోండి. తోక మట్టుకు నేను వేస్తాను.