మన వీధిలోంచి దాటిపోయే కార్లు ఎన్ని?

(తెర: మీటింగ్ గది. ఇరవై కుర్చీలు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.)

"స్పీడ్ బ్రేకర్లు వేయించేద్దామండీ, గొడవ వదిలిపోతుంది."

"మీకేమండీ, రోజూ వాటి మీంచి పోవాల్సింది నా నడుం!"

"అసలు రోడ్డే మూసేస్తే?"

"మూసేస్తే అంబులెన్స్ ఎలా వస్తుందండీ?"

(తెర: మాటలు సద్దుమణుగుతాయి. కథకుడి గొంతు.)

వీధిలో కార్లు తగ్గించాలని కూర్చున్న మీటింగులు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. గంట గడిచేసరికి బ్రేకర్లు కావాలనేవాళ్లు ఒకవైపు, వద్దనేవాళ్లు ఒకవైపు. అడగాల్సిన ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది. ఈ కార్లలో మన ఇళ్లకి వచ్చేవి ఎన్ని, అటు దూరి ఇటు తేలేవి ఎన్ని?

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వీధికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కుర్చీ వేసుకుని కూర్చోండి. ఉదయం రద్దీలో ఒక గంట చాలు. లోపలికొచ్చే ప్రతి కారు నంబరులో చివరి అంకెలు, పక్కనే టైము రాయండి. అవతలి చివర బయటికి పోయేవాటికీ అంతే. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

(తెర: రెండు కాగితాలు. 8:12 – 471. 8:14 – 471. వేలు ఒక అంకె మీంచి ఇంకో అంకె మీదికి జరుగుతుంది.)

రెండు నిమిషాల్లో అటు తేలిన కారుకి మన వీధిలో పనేమీ లేదు. మెయిన్ రోడ్డు సిగ్నల్ తప్పించుకోవడానికి అడ్డదారి పట్టిందంతే. ఇలాంటివే ఎక్కువని తేలితే, బ్రేకర్ వాటి వేగం తగ్గిస్తుంది, రాకను పెద్దగా ఆపదు.

(తెర: ఒకే గీత దగ్గర బయల్దేరిన రెండు కార్లు.)

అలాగని వేగం చిన్న విషయం కాదు. బంతి వెంట ఒక పిల్ల రోడ్డు మీదికి పరిగెత్తింది. డ్రైవరు చూసి కాలు బ్రేకు మీద వేయడానికి సుమారు ఒక సెకను పడుతుంది. 30 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు పొడి రోడ్డు మీద దాదాపు 13 మీటర్లలో పూర్తిగా ఆగిపోతుంది. 50తో వస్తున్నది ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. మొదటి కారు ఆగిపోయిన చోట రెండోదానికి ఇంకా బ్రేకే పడలేదు! ఈ లెక్క వేసి చూసుకున్నాక, పిల్లలున్న వీధిలో నెమ్మదిగా పొమ్మనడం నాకు బతిమాలి అడిగే విషయంగా అనిపించలేదు.

(తెర: వీధి పటం. నడిమధ్య రెండు పెద్ద పూలకుండీలు.)

ఇక దాటిపోయే కార్ల సంగతి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ 1977లో నగరం నడిబొడ్డును నాలుగు భాగాలు చేసింది. ఒక భాగంలోంచి ఇంకో భాగానికి కారులో నేరుగా పోలేరు, బయటి చుట్టురోడ్డు ఎక్కాల్సిందే. సైకిలుకీ నడకకీ మాత్రం దారి తెరిచే ఉంది. మన వీధికీ ఈ పద్ధతి పనికొస్తుంది. కార్లకి అడ్డంగా పెట్టే పూలకుండీలు వీధి మొదట్లో కాదు, మధ్యలో ఉండాలి. అప్పుడు ప్రతి ఇంటి గుమ్మం దాకా కారు వస్తుంది, అవతలికి మాత్రం తేలదు. కొందరికి చుట్టు తిరుగుడు తప్పదు, రోజూ కొన్ని నిమిషాలు పోతాయి. అది ముందే ఒప్పుకోవాలి.

అంబులెన్స్ గురించి అడిగినవాళ్లని విసుక్కోకండి, వాళ్లడిగింది న్యాయమే. కుండీల మధ్య, తాళం తీస్తే మడిచి దారి ఇవ్వగలిగే స్తంభం పెట్టొచ్చు. కానీ ఎక్కడ పెట్టాలో అగ్నిమాపక, అంబులెన్స్ సిబ్బందితో ముందే నడిచి చూడాలి.

"మరి ఆ కార్లన్నీ పక్క వీధి మీద పడవా?" అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే. రోడ్లలో కార్లకి చోటు తగ్గించిన దాదాపు 70 సందర్భాలను బ్రిటన్ పరిశోధకులు కెయిర్న్స్, అట్కిన్స్, గుడ్విన్ పరిశీలించి 2002లో ప్రచురించారు. వాటిలో సగం చోట్ల, ముందు ఆ రోడ్డు వాడిన బండ్లలో 11 శాతానికి పైగా చుట్టుపక్కల ఎక్కడా కనిపించలేదు. కొందరు ప్రయాణం మానుకున్నారు, కొందరు వేళ మార్చుకున్నారు, కొందరు నడిచారు. మిగతావి మాత్రం ఎక్కడో ఒకచోట తేలుతాయి. అందుకే పక్క వీధివాళ్లు లేకుండా తీర్మానం చేయకండి. ఈ మెయిన్ రోడ్డు నుంచి ఆ మెయిన్ రోడ్డు దాకా ఉన్న వీధులన్నిటికీ కలిపి ఒకే పటం గీయండి. మన బాధ తీసుకెళ్లి వాళ్ల గుమ్మంలో పెట్టడం నాకు సమ్మతం కాదు.

(తెర: నలుగురు కలిసి కుండీని జరుపుతున్నారు.)

అందరూ సరేనన్నాక, పట్టణ అధికారుల అనుమతితో ఆరు నెలల ప్రయోగంగా మొదలుపెట్టండి, అదీ సిమెంటుతో కాదు, కుండీలతో. చెత్త లారీ వెనక్కి తిరగలేకపోతోందని మొదటి వారంలోనే తెలిసిపోవచ్చు. అప్పుడు కుండీని నాలుగడుగులు జరిపితే సరిపోతుంది.