హతసాక్షి: చివరి రోజుకు ముందు ఏం జరిగింది?

[తెరపై: నల్లటి నేపథ్యం. 'హతసాక్షి' అనే మాట ఒక్కో అక్షరంగా కనిపిస్తుంది.]

ఈ మాటను ఒకసారి నిదానంగా చదవండి. హత... సాక్షి. చంపబడిన సాక్షి అని అర్థం. విశ్వాసం కోసం ప్రాణం పోగొట్టుకున్నవాళ్లను క్రైస్తవులు పిలిచే పేరు. ఇది వినగానే మన మనసు మొదటి సగం దగ్గరే ఆగిపోతుంది. రాళ్లు, మంటలు, సింహాలు గుర్తొస్తాయి. బొమ్మలు గీసేవాళ్లు కూడా వాటినే గీస్తారు.

కానీ గ్రీకు మూలంలో ఉన్నది రెండో సగమే. 'మార్తుస్' అంటే సాక్షి, అంతే. కోర్టులో నిలబడి "నేను చూశాను" అని చెప్పే మనిషి. అందులో చావు ఊసే లేదు. సాక్ష్యం చెప్పినవాళ్ల ప్రాణాలు పోతూ వచ్చాయి కాబట్టి, రెండో శతాబ్దం నాటికి ఆ మాటకు చావు కూడా అంటుకుంది. తెలుగులో రెండూ కలిపి 'హతసాక్షి' అన్నాం. కతోలికులు 'వేదసాక్షి' అంటారు.

అమరవీరుడు అనే మాట వేరు. వీరుడి చేతిలో ఆయుధం ఉంటుంది, హతసాక్షి చేతులు ఖాళీ. ఎదుటివాణ్ణి చంపబోయి చచ్చినవాడికి తొలి క్రైస్తవ సంఘం వాడుకలో ఈ పేరు చెల్లదు.

ఇవాళ మనం అడిగేది ఒకటే ప్రశ్న. ఆ చివరి రోజుకు ముందు వీళ్లు ఏం చేస్తున్నారు?

[తెరపై: పొడవాటి బల్ల, రొట్టెలు, వరుసలో నిలబడ్డ వృద్ధ స్త్రీలు.]

మొదటి హతసాక్షి స్తెఫను. ఆయన కథ బైబిల్లోని అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయంలో ఉందని అందరికీ తెలుసు. ఒక్క అధ్యాయం వెనక్కి వెళ్లండి. యెరూషలేము సంఘంలో గొడవ. రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలైంది. దాన్ని చక్కబెట్టడానికి ఏడుగురిని ఎంచుకున్నారు. ఆ పట్టికలో మొదటి పేరు స్తెఫను. అంటే మొదటి హతసాక్షికి సంఘం అప్పగించిన పని, ముసలివాళ్లకు భోజనం సరిగ్గా అందుతోందో లేదో చూసుకోవడం! "ప్రభువా, వారిమీద ఈ పాపము మోపకుము" అని ఆయన చివరగా అన్న మాట చాలామందికి కంఠతా వచ్చు. ఆ వడ్డన సంగతి మాత్రం గుర్తుండదు.

ఇలాంటిదే ఇంకో చిన్న ఆధారం ఉంది, అదీ శత్రువు చేతి రాత. సుమారు 112లో, నేటి తుర్కియేలోని బితూనియ ప్రాంతపు రోమన్ గవర్నర్ ప్లీనీ, చక్రవర్తి ట్రాజన్‌కు ఒక ఉత్తరం రాశాడు. క్రైస్తవుల గురించి నిజం రాబట్టడానికి ఇద్దరు బానిస స్త్రీలను హింసించానని అందులో చెప్పుకున్నాడు. వాళ్ల పేర్లు రాయలేదు. క్రైస్తవులు వాళ్లను ఏమని పిలుస్తారో మాత్రం రాశాడు: 'మినిస్త్రే', అంటే పరిచారికలు. పేర్లు పోయాయి, చేసిన పరిచర్య మిగిలింది.

[తెరపై: స్ముర్న, నేటి తుర్కియేలోని ఇజ్మీర్. సుమారు 155.]

ఇప్పుడు పొలికార్పు దగ్గర కాసేపు ఆగుదాం. స్ముర్న సంఘానికి బిషప్. బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో "మరణమువరకు నమ్మకముగా ఉండుము" అనే మాట వెళ్లింది ఈ ఊరి సంఘానికే. ఆయన చనిపోయాక అక్కడివాళ్లు జరిగినదంతా ఉత్తరంగా రాసి మరో సంఘానికి పంపారు. నన్నడిగితే, అందులో ఆయన్ని మంటల్లో తగలబెట్టబోయిన ఘట్టం కంటే మంచి ఘట్టం అరెస్టు.

శుక్రవారం, రాత్రి భోజనాల వేళ. సైనికులు ఆయుధాలతో ఒక పల్లె ఇంటికి వచ్చారు. ముసలాయన మేడగదిలో ఉన్నాడు. పారిపోయే వీలుంది, పారిపోలేదు. కిందికి దిగివచ్చి, వాళ్లతో మాట్లాడి, ముందు వీళ్లకు భోజనం పెట్టండి అని ఇంట్లోవాళ్లకు చెప్పాడు. తనకు ప్రార్థన చేసుకోవడానికి ఒక గంట అడిగాడు. నిలబడే రెండు గంటలు ప్రార్థించాడు. తనకు తెలిసిన మనుషుల్ని, చిన్నా పెద్దా తేడా లేకుండా, అందరినీ తలుచుకున్నాడు. ఇంత ముసలాయన్ని పట్టుకోవడానికా మనం వచ్చింది అని వచ్చినవాళ్లలో కొందరు నొచ్చుకున్నారట.

ఊళ్లోకి వెళ్లే దారిలో పోలీసు అధికారి ఆయన్ని తన బండిలో ఎక్కించుకున్నాడు. "కైసరు ప్రభువు అని ఒక్క మాట అంటే ఏం పోతుంది?" అని బుజ్జగించాడు. కైసరు అంటే రోమన్ చక్రవర్తి. కుదరదనేసరికి బండిలోంచి తోసేశారు. కాలి పిక్క ఎముక దగ్గర గీరుకుపోయింది. ఏమీ జరగనట్టు గబగబా నడిచి వెళ్లిపోయాడు. ఈ గీరుడు గురించి రాసినవాళ్లకు దండం పెట్టాలి. పురాణం అల్లేవాడికి ఇలాంటి వివరం తోచదు.

స్టేడియంలో గవర్నర్, క్రీస్తును దూషిస్తే వదిలేస్తానన్నాడు. జవాబు మీకు తెలిసే ఉంటుంది: "86 ఏళ్లుగా ఆయనకు సేవ చేస్తున్నాను. ఆయన నాకు ఏ అపకారమూ చేయలేదు. నన్ను రక్షించిన నా రాజును ఎలా దూషించను?" ఇందులో ఎక్కడా వీరావేశం లేదు. లెక్క మాత్రం ఉంది. 86 ఏళ్ల కొలువు.

అదే ఉత్తరంలో ఇంకో మనిషి కూడా ఉన్నాడు, పేరు క్వింతు. ఎవరూ పిలవకుండానే తానుగా వెళ్లి నిలబడ్డాడు, మరికొందరినీ లాక్కెళ్లాడు. మృగాలను చూడగానే భయపడి, అడిగినట్టు బలి అర్పించేశాడు. ఉత్తరం రాసినవాళ్లు మొహమాటపడలేదు: తమంతట తాము వెళ్లి అప్పగించుకునేవాళ్లను మేం మెచ్చుకోం, సువార్త అలా నేర్పదు అని తేల్చేశారు. చావును వెతుక్కుంటూ వెళ్లడం భక్తి కాదని రెండో శతాబ్దంలోనే స్పష్టంగా చెప్పిన మాట ఇది. అపొస్తలుడు పౌలు అంతకు ముందే అన్నాడు కదా, శరీరాన్ని కాల్చడానికి అప్పగించినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని.

[తెరపై: చిరిగిన పాపిరస్ ముక్క, దగ్గరగా.]

250 వరకు హింసలు ఎక్కువగా అక్కడక్కడా, అప్పుడప్పుడూ జరిగినవే. 250లో దెకియస్ చక్రవర్తి ఆజ్ఞతో సామ్రాజ్యమంతా అందరూ దేవతలకు బలి అర్పించాలి, అర్పించినట్టు సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ సర్టిఫికెట్లు కొన్ని ఈజిప్టు ఇసుకలో దొరికాయి. ఒకదానిలో మనిషి గుర్తులు రాసి ఉన్నాయి: వయసు 72, కుడి కనుబొమ మీద మచ్చ. మన ఆఫీసు కాగితాల్లో పుట్టుమచ్చలు రాసినట్టే! ఆ టెన్షన్‌లో ఎంతోమంది క్రైస్తవులు బలి అర్పించేశారు, కొందరు డబ్బిచ్చి కాగితం సంపాదించారు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి బిషప్ సిప్రియాను ఊరు వదిలి దాక్కున్నాడు. కాపరి పారిపోయాడని చాలామంది దెప్పారు. ఆయన మాత్రం దాక్కున్న చోటి నుంచే ఉత్తరాలు రాస్తూ, పేదలకు డబ్బు పంపిస్తూ సంఘాన్ని నడిపించాడు.

తర్వాత రెండేళ్లకు కార్తేజిలో మహమ్మారి. దాక్కున్నాడని పేరుపడ్డ ఆ మనిషే ఈసారి ఊళ్లోనే ఉండి సేవను ఏర్పాటు చేశాడు. మనవాళ్లకే చేస్తే అందులో గొప్పేముంది, మనల్ని హింసించినవాళ్లకూ చేయాలి అన్నది ఆయన బోధ. 258 సెప్టెంబరు 14న మరణశిక్ష చదివి వినిపిస్తే "దేవునికి స్తోత్రం" అన్నాడు. తల నరకబోయేవాడికి 25 బంగారు నాణేలు ఇవ్వమని తనవాళ్లకు చెప్పాడు.

ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలోనూ అదే మహమ్మారి. అక్కడి బిషప్ దియొనీసియు రాసిన ఉత్తరాన్ని చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరిచాడు. సంఘ పెద్దలు, పరిచారకులు, మామూలు విశ్వాసులు రోగుల పక్కనే ఉండి సాకారు. చనిపోయినవాళ్ల కళ్లు మూశారు, నోళ్లు మూశారు, ఒళ్లు కడిగారు, భుజాల మీద మోశారు. కొన్నాళ్లకు వాళ్లకూ అదే జరిగింది. మిగతా జనం రోగుల్ని వీధుల్లో పారేశారని కూడా ఆయన రాశాడు. అక్కడ కాస్త ఎక్కువ చెప్పి ఉండొచ్చు, తనవాళ్ల గురించి రాస్తున్నాడు కదా. కానీ ఆ తర్వాతి మాట చూడండి: ఇలాంటి చావు హతసాక్షి మరణానికి ఏమాత్రం తక్కువ కాదు.

కత్తి లేదు, కోర్టు లేదు, దూషించమన్నవాడు లేడు. రోగి పడక ఒక్కటే. అయినా దియొనీసియు దాన్ని హతసాక్షి మరణంతో సమానం చేశాడు.

[తెరపై: ఆష్విట్జ్, నాజీల నిర్బంధ క్యాంపు, 1941. ఖైదీ నంబర్ 16670.]

విశ్వాసం గురించి ఎవరూ నిలదీయకుండా, ఇతరుల కోసం చనిపోయినవాళ్లను హతసాక్షి అనవచ్చా? ఈ ప్రశ్న సుమారు 1,700 ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చింది. మాక్సిమిలియన్ కోల్బె, పోలండ్‌కు చెందిన కతోలిక గురువు, ఫ్రాన్సిస్కన్ సన్యాస సభవాడు. యుద్ధం మొదలయ్యాక తన మఠంలో నిర్వాసితులకు, వాళ్లలో యూదులకూ, చోటిచ్చాడు. 1941 జూలై చివర్లో క్యాంపు నుంచి ఒక ఖైదీ తప్పించుకున్నాడని, బదులుగా 10 మందిని ఆకలితో చంపడానికి ఎంపిక చేశారు. వాళ్లలో ఫ్రాంచిషెక్ గయోవ్నిచెక్ అనే సైనికుడు భార్యాబిడ్డల్ని తలుచుకుని ఏడ్చాడు. కోల్బె వరుసలోంచి ముందుకొచ్చి, అతని బదులు నేను వెళ్తాను అన్నాడు. ఎవరు నువ్వు అని అడిగితే, కతోలిక గురువుని అన్నాడు. రెండు వారాలు గడిచినా ప్రాణంతో ఉన్న ఆయనకు ఆగస్టు 14న విషపు ఇంజెక్షన్ ఇచ్చారు.

మరి ఆయన హతసాక్షేనా? ఆయన్ని విశ్వాసం గురించి ఎవరూ నిలదీయలేదు, ఇంకొకరి స్థానంలోకి తానే వెళ్లాడు. అందుకే 1971లో ధన్యుడిగా, అంటే పునీతుడికి ముందు మెట్టుగా, ప్రకటించినప్పుడు ఆ పేరు ఇవ్వలేదు. 1982 అక్టోబరు 10న పునీతుడిగా ప్రకటిస్తూ రెండో జాన్ పాల్ పోప్ ఆయన్ని హతసాక్షిగానే గౌరవించారు. ఇతరుల కోసం ప్రాణం అర్పించినవాళ్లకు 2017లో పోప్ ఫ్రాన్సిస్ విడిగా ఒక దారి తెరిచారు, కాబట్టి ఆ వాదన పూర్తిగా సద్దుమణిగిందని చెప్పలేం.

[తెరపై: రోమ్, జనంతో నిండిన చౌకం.]

1982లో ఆ జనంలో గయోవ్నిచెక్ కూడా ఉన్నాడు. అప్పటికి 80 ఏళ్లు. అతని ఇద్దరు కొడుకులు యుద్ధంలోనే చనిపోయారు, భార్య మిగిలింది. 1941లో క్యాంపు వరుసలో నిలబడి తాను ఏం చూశాడో, ఎవరు పిలిచినా వెళ్లి చెబుతూ, 1995లో 93 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.