పడవ లోపలి ఇంజిన్: డీజిలా, పెట్రోలా?

[దృశ్యం: విశాఖ ఫిషింగ్ హార్బర్, వరుసగా కట్టిన మరపడవలు]

వీటిలో ఏ మరపడవ ఇంజిన్ గదిలోకి తొంగి చూసినా మనకు కనిపించేది డీజిల్ ఇంజినే. అమెరికా సరస్సుల్లో నీటి మీద స్కీయింగ్ చేయించే పడవ ఇంజిన్ మూత ఎత్తితే మాత్రం ఎక్కువగా పెట్రోల్ ఇంజిన్ ఉంటుంది. దాన్ని అక్కడివాళ్లు గ్యాస్ ఇంజిన్ అంటారు. వంటగ్యాస్ అనుకోకండి, పెట్రోలే. రెండూ పడవ లోపల బిగించినవే. అసలు కథంతా ఆ "లోపల" అన్న మాటలోనే ఉంది.

[దృశ్యం: బొమ్మ. పడవ అడుగున పరుచుకుంటున్న ఆవిరి]

కారులో పెట్రోల్ కారితే ఆవిరి గాలికి కొట్టుకుపోతుంది. పడవ చిల్లు లేని గిన్నె. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి అడుగునే పేరుకుంటుంది. సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా అది అంటుకోగలదు. డీజిల్ ఆవిరి అంటుకోవాలంటే సాధారణంగా 50 డిగ్రీలు దాటాలి.

అందుకే పెట్రోల్ పడవలో తాళం తిప్పేముందు 4 నిమిషాలు బ్లోయర్, అంటే అడుగున చేరిన ఆవిరిని బయటకు లాగే ఫ్యాన్, వేయాలని అమెరికా కోస్ట్ గార్డ్ చెబుతుంది. ఆ తర్వాత మూత తీసి వాసన కూడా చూడండి. ఈ విషయంలో మీ ముక్కును మించిన పరికరం లేదు.

[దృశ్యం: పక్కపక్కన రెండు ఆల్టర్నేటర్లు]

ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసే పరికరాలివి, ఆల్టర్నేటర్లు. చూడటానికి రెండూ ఒకటే. ఒకటి కారుది. రెండోది నిప్పురవ్వ బయటకు రాకుండా చేసిన పడవది. చవకగా వస్తుందని కారుది బిగించడం కన్నా పెద్ద తెలివితక్కువతనం లేదు.

ఇక ఖర్చు. 100 హార్స్‌పవర్‌తో గంట నడిస్తే పెట్రోల్ సుమారు 30 లీటర్లు, డీజిల్ 22 లీటర్లు పడుతుంది. రోజుల తరబడి వేటలో ఉండే పడవకు డీజిలే, ఇక లెక్కే అక్కర్లేదు. ఏడాదికి 50 గంటలు తిరిగే షికారు పడవకు మాత్రం డీజిల్ ఇంజిన్ మీద అదనంగా పెట్టిన డబ్బు రావడం కష్టం. పైగా పెట్రోల్ ఇంజిన్ తేలిక, చప్పుడూ తక్కువే.

[దృశ్యం: ఫిల్టర్ కింది గాజు గిన్నె, దగ్గరగా]

డీజిల్‌కూ తలనొప్పులున్నాయి. గిన్నెలో పైన డీజిల్, కింద నీరు. ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి, నల్లటి జిగురై ఫిల్టర్‌ను మూసేస్తాయి. డీజిల్ వచ్చే గొట్టంలోకి గాలి చొరబడితే ఇంజిన్ ఆగిపోతుంది. అప్పుడు ఆ గాలి పోయేందుకు గొట్టం నట్టు వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు నొక్కాల్సిందే.

[దృశ్యం: పాత తెరచాప పడవ]

1947 నుంచి 1980ల దాకా అమెరికా తెరచాప పడవల్లో అటామిక్ 4 అనే 30 హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజిన్ రాజ్యమేలింది. సుమారు 40,000 తయారయ్యాయి. కొన్ని నేటికీ నడుస్తున్నాయి. ఇలాంటి పడవ కొన్నవాళ్లు మొదట అడిగేది, తీసేసి డీజిల్ పెట్టాలా అని. బాగా నడుస్తుంటే నేనైతే తీయను. ఉప్పునీటితో చల్లబడి చల్లబడి లోపల తుప్పు తినేసిందా, దాని మీద ఒక్క రూపాయి కూడా పెట్టను. డీజిలే బిగిస్తాను.