తాళం వేసే ముందు

(విజయనగరంలో జూట్ మిల్లు కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో కూర్చున్న అమ్మలకి, అప్పలకి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ అన్నయ్యలకి, తమ్ముళ్లకి నమస్కారం. చంటిపిల్లల్ని ఎత్తుకుని వచ్చినవాళ్లు ఫ్యాను కిందికి రండి, నేను ఆగుతాను.

ఇరవై ఎనిమిదేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. ఈ రోజు మాత్రం పంతులమ్మగా కాదు, మిల్లు కార్మికుడి కూతురుగా వచ్చాను. మిల్లు పని పోతే ఊరు కదిలే ముందు ఏం చూసుకోవాలో చెప్పడానికి వచ్చాను. మా నాయన స్పిన్నింగులో పనిచేసేవాడు. ఇంటికొచ్చేసరికి చేతి వెంట్రుకల్లోనే కాదు, కనురెప్పల మీద కూడా నార నూగు ఉండేది. అమ్మ నూతి దగ్గర నిలబెట్టి తుండుగుడ్డతో దులిపాకే గడప దాటనిచ్చేది.

1986లో, నాకు పదకొండేళ్లప్పుడు, మిల్లు గేటుకి ఒక కాగితం అంటించారు. ఇంగ్లీషులో ఉంది. మా నాయనకి సంతకం చెయ్యడం ఒక్కటే వచ్చు. టీకొట్టు దగ్గర ఒక కాలేజీ కుర్రాడు చదివి చెప్పాడు, లాకౌటు అని, అంటే యాజమాన్యమే మిల్లు మూసేసిందని. మర్నాటి నుంచి మిల్లు కూత లేదు. మిల్లు పక్క ఊళ్లలో గడియారమంటే ఆ కూతేనని మీకు వేరే చెప్పక్కర్లేదు. అమ్మ తెల్లారి కూతకి పొయ్యి వెలిగించేది, మధ్యాహ్నం కూతకి గంజి వార్చేది. కూత ఆగిపోయాక చాన్నాళ్లు మా ఇంట్లో కూడు వేళకి ఉడకలేదు. ఒకరోజు మాడేది, ఒకరోజు చల్లారిపోయేది.

అప్పటికే ప్లాస్టిక్ సంచి వచ్చి గోనెసంచిని పక్కకి తోసేస్తోంది. ధాన్యం, పంచదార లాంటివి జనపనార సంచుల్లోనే నింపాలని తప్పనిసరి చేసే చట్టం 1987లో వచ్చింది. అది వచ్చేనాటికి మేం ఊళ్లో లేం. విశాఖ పక్కన గాజువాకలో ఉన్నాం.

నేను చెప్పాలనుకున్నది ఒకటే. పని పోయిన వారంలో ఇల్లు కదపకండి. కదపక తప్పదనుకుంటే, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నాక, ముందు ఏది, తర్వాత ఏది అని తేల్చుకుని కదపండి. మేం అలా చెయ్యలేదు. పర్యవసానం మా ఇంట్లో ముగ్గురం మోశాం.

గేటు మూసిన ఎనిమిదో రోజున మేస్త్రీ వచ్చాడు, కూలీలని కుదిర్చి తీసుకెళ్లేవాడు. పని ఎక్కడ పోతే అక్కడికి మేస్త్రీ వస్తాడు, ఆ రోజుల్లోనూ అంతే, ఇప్పుడూ అంతే. మా చిన్నాన్న చేతిలో అయిదొందలు పెట్టాడు. హైదరాబాదు పక్కన ఇటుక బట్టీ, మొగుడూ పెళ్లాం ఇద్దరూ రావాలి అన్నాడు. ఆ డబ్బుతో చిన్నాన్న కిరాణా బాకీ తీర్చి, పిల్లకి గౌను కొని బండెక్కాడు. బట్టీ దగ్గర మేస్త్రీ నోటు పుస్తకంలో రైలు చార్జీ ఎక్కింది, బియ్యం ఎక్కాయి, జ్వరానికి కొన్న మాత్రలు కూడా ఎక్కాయి. సీజను అయిపోయేసరికి చేతికి రావలసింది పోయి, ఇంకా నూట ఎనభై బాకీ తేలింది. మరో సీజను ఉండిపోయారు.

తమ్ముడూ, ఎవరైనా అడ్వాన్సు ఇస్తానంటే అది సాయం అనుకోకండి. అది మీరు వెనక్కి రాకుండా కట్టే పలుపు. బాకీ తీరేదాకా కదలనివ్వను అని మనిషిని కట్టిపడెయ్యడం 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం నేరం. ఆ బాకీ కూడా చెల్లదు. ఈ మాట మా చిన్నాన్నకి ఎవరూ చెప్పలేదు.

మా నాయన అడ్వాన్సు ముట్టుకోలేదు. విశాఖలో ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులు అవి. రాత్రి అరుగు మీద కూర్చుని, "ఒలే, గాజువాక ఎలిపోదుమా?" అన్నాడు. అమ్మ అంది: "ఎల్డానికైతే ఎల్దుం. ఈ గుంటల సదువు ఏటవుతాదో సెప్పు ముందు." నాయన దగ్గర జవాబు లేదు. సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజున సామాన్లు లారీకెక్కించాం. మామ్మ రానంది. గొడ్డు ఉంది, ఇల్లు ఉంది, నేనెక్కడికి వస్తాను అంది.

అమ్మ అడిగిన ఆ ప్రశ్నే నా మీద పడింది. అది జనవరి. ఊళ్లో బడివాళ్లు పరీక్షలయ్యాక టీసీ ఇస్తామన్నారు. గాజువాక బడివాళ్లు టీసీ లేనిదే చేర్చుకోమన్నారు. అయిదు నెలలు నేను పని జరిగే చోట కూర్చుని తమ్ముణ్ణి ఆడించాను. సిమెంటు బస్తాల నీడలో వాడికి ఉయ్యాల కట్టి, ఊపుతూ నా పాత ఆరో తరగతి తెలుగు వాచకం చదువుకున్నాను. జూన్‌లో బడిలో వేశారు, మళ్లీ ఆరులోనే. నా కంటే చిన్నపిల్లల మధ్య వెనక బెంచీలో కూర్చున్న ఆ మొదటి రోజు, ఇన్నేళ్లకీ నా గొంతులో అలాగే ఉంది.

ఇప్పుడు పరిస్థితి అది కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని టీసీ లేదని సర్కారు బడిలో చేర్చుకోకుండా తిప్పి పంపకూడదు. పుట్టినతేదీ కాగితం లేదనీ పంపకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా తీసుకోవాలి, వయసుకి తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. పాత బడి హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి. బడి గుమ్మంలో నిలబడి ఈ నాలుగు మాటలూ నెమ్మదిగా చెప్పండి. దెబ్బలాడక్కర్లేదు. నేను హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు ఒక తల్లి ఇలాగే వచ్చి చెప్పింది, నేను లేచి నిలబడ్డాను.

చెన్నై, సూరత్ వెళ్లేవాళ్లకి మాత్రం ఒక మాట. అక్కడ తెలుగు బడి దగ్గర్లో ఉందో లేదో ముందు కనుక్కోండి. ఎనిమిదో తరగతి పిల్లని ఉన్నట్టుండి తమిళంలోకో గుజరాతీలోకో నెట్టెయ్యకండి. మామ్మ దగ్గరో, మేనత్త దగ్గరో ఏప్రిల్ దాకా ఉంచండి.

ఇక బియ్యం. రెండు రూపాయలకి కిలో బియ్యం 1983లో వచ్చింది. మా రేషన్ కార్డు ఊరి డీలరు దగ్గర, మేం గాజువాకలో. మామ్మ నెలకోసారి ఆ బియ్యం తీసుకుని, సంచి నెత్తిన పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చేది. ఒకసారి దారిలో సంచి చిరిగింది. కారిన బియ్యం కొంగులో ఏరుకుని తెచ్చింది, మట్టితో సహా. అమ్మ ఆ రాత్రి చేటలో చెరుగుతూ ఏడ్చింది.

మీకు ఆ పాట్లు అక్కర్లేదు. 2019 ఆగస్టులో మన రాష్ట్రానికీ తెలంగాణకీ మధ్య మొదలై, ఇప్పుడు దేశమంతటా ఒకే కార్డు పద్ధతి ఉంది. వేలిముద్ర వేసి అక్కడ కొంత, ఊళ్లో ఉన్న పెద్దవాళ్లు ఇక్కడ కొంత తీసుకోవచ్చు. అయితే పై రాష్ట్రంలో కేంద్రం ఇచ్చే వాటానే దొరుకుతుంది. మీ కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉందో లేదో, ఇంట్లో అందరి ఆధార్ దానికి కలిసిందో లేదో బయల్దేరే ముందే డీలరుని అడగండి.

మిల్లు కాగితాల సంగతి మగవాళ్లు జాగ్రత్తగా వినండి. మా నాయన పదిహేడేళ్లు పనిచేసి చేతిలో ఒక్క కాగితం లేకుండా బయటికొచ్చాడు. 'ఇష్టపూర్వకంగా మానేస్తున్నాను' అని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి. ఏడాది నిండా పనిచేసిన కార్మికుణ్ణి యాజమాన్యం తీసేస్తే, సర్వీసు ఉన్న ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం పరిహారంగా ఇవ్వాలి. మీ అంతట మీరే మానేసినట్టు రాసిస్తే అది పోతుంది. అయిదేళ్లు నిండినవాళ్లకి గ్రాట్యుటీ, అంటే పనిచేసిన ఏళ్లని బట్టి ఇచ్చే సొమ్ము, వేరే ఉంటుంది, దాన్నీ దీన్నీ కలిపి చూడకండి. యూఏఎన్, అంటే మీ పీఎఫ్ ఖాతా గుర్తింపు నంబరు, సెల్‌ఫోన్‌లోనే కాదు, పిల్లాడి నోటు పుస్తకం అట్ట మీద కూడా రాసి పెట్టండి. పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకి పింఛను వస్తుంది. ఏడెనిమిదేళ్లకే పింఛను సొమ్ము తీసేసుకుంటే, తర్వాత చేరిన చోట లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. దాని బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడగండి, అది మీ పింఛను సర్వీసు లెక్క చూపే కాగితం. పాత ఏళ్లు కొత్త ఏళ్లకి కలుస్తాయి.

అసలు ఇల్లు కదపకుండానే పని దొరుకుతుందేమో ఒక నెల చూడండి. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలు, బొబ్బిలి, రాజాం, విశాఖ. రైలు నెలవారీ పాసు ఖర్చు, అక్కడి గది అద్దె పక్కపక్కన రాసుకోండి. దొరక్కపోతే ఒకరే ముందు వెళ్లండి. మొదటి జీతం చేతికి వచ్చేదాకా మిగతావాళ్లు కదలొద్దు. గది చూడ్డానికి మాత్రం ఇంటి ఆడమనిషిని తీసుకెళ్లండి. మా నాయన చూసిన గదికి కుళాయి రెండు వీధుల అవతల ఉంది. మరుగుదొడ్డి మాట ఆయనకి తట్టనే లేదు. అమ్మ ఏడాది పాటు చీకటితో లేచింది.

తాళం గురించి కూడా చెప్పాలి. బయల్దేరిన రోజు అమ్మ పెరటి గది తాళానికి కొబ్బరినూనె పూసి, పాతగుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టింది, తుప్పు పట్టకుండా. మామ్మ ముందు గదిలో ఉంది కాబట్టి ఆ ఇల్లు నిలిచింది. పక్కింటివాళ్లు మొత్తం ఖాళీ చేసి వెళ్లారు. మూడో వానకి పెంకులు జారి, వాసాలు చెదపట్టి, పైడితల్లి సిరిమాను జాతరకి వచ్చినప్పుడు వాళ్లు మా అరుగు మీద పడుకున్నారు. ముసలివాళ్లు ఉంటే వాళ్ల నెల ఖర్చు ముందు తీసి పక్కన పెట్టి, ఆ తర్వాత మీ బస్సు చార్జీ లెక్కేసుకోండి. ఎవరూ లేకపోతే, తాళం చెవి దగ్గర బంధువుకిచ్చి నెలకోసారి తలుపులు తియ్యమనండి.

మామ్మ పోయిన రోజు మేం సమయానికి చేరలేదు. కబురు గాజువాక వచ్చేసరికి సాయంత్రం అయ్యింది. ఇంతకంటే ఆ విషయం మాట్లాడలేను.

మీలో చాలామంది చేతుల్లో కవర్లు కనిపిస్తున్నాయి. మిల్లు ఇచ్చినవి అనుకుంటాను. బయట వరండాలో బల్ల వేయించాను. ఇంగ్లీషులో ఉన్నవి ముందు తీసుకురండి, ఒక్కొక్కటీ తెలుగులో చదివి వినిపిస్తాను. ఇంకా సంతకం పెట్టనివాళ్లు మొదట రండి. టీసీ అర్జీ కాగితాలు యాభై తెచ్చాను, పిల్లల ఆధార్ ఉంటే ఇప్పుడే నింపేద్దాం. చీకటి పడినా పరవాలేదు, కూర్చుంటాను.