1942 ఏప్రిల్ 6: ఒక బాంబు, ఒక చింతపండు కుప్ప

నమస్కారం. బీచ్ రోడ్డులో ఉన్న విశాఖ మ్యూజియానికి మీలో చాలామంది వెళ్లే ఉంటారు. పాత డచ్చి బంగళా అది. లోపల ఒక బాంబు ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ విమానాలు మన ఊరి మీద వేస్తే పేలకుండా మిగిలిపోయిన బాంబు. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా బడి వాళ్లు వరుసగా నిలబెట్టి చూపించారు. నా స్నేహితుడు దాని మీద చెయ్యి వేయబోతే కాపలా ఆయన కేకలు వేశారు. ఆ రోజు నుంచి నాకు మిగిలిన జ్ఞాపకం ఆ కేకలే. బాంబు ఎందుకు పడింది, ఎవరి మీద పడింది అని నేను అడగలేదు. అది పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు కదా.

ఇప్పుడు డిగ్రీలో చరిత్ర చదువుతున్నాను. పోయిన ఏడాది మా మేడమ్ ఒక పని అప్పగించారు. మీ ఊళ్లో గడిచిన ఒకే ఒక్క రోజును తీసుకోండి, ఆ రోజు గురించి నాలుగు వేర్వేరు చోట్ల వెతకండి అన్నారు. నేను ఆ బాంబు పడిన రోజును తీసుకున్నాను. 1942 ఏప్రిల్ 6, సోమవారం.

ముందు పుస్తకాలు వెతికాను. యుద్ధ చరిత్రల్లో ఆ వారమంతా శ్రీలంకదే. ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి, 9న ట్రింకోమలీ మీద దాడి. ఈ రెండింటి మధ్య 6వ తేదీన, ఓజావా అనే జపాన్ సేనాపతి నడిపించిన నౌకలు బంగాళాఖాతంలో సరకు ఓడల మీద విరుచుకుపడ్డాయి. ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే ఏడాది ఆగస్టులో ఆ ర్యూజో కూడా సాలమన్ దీవుల దగ్గర మునిగిపోయింది. ఇంత పెద్ద కథలో మన ఊరికి దక్కింది ఒక్క వాక్యం. ఆ వాక్యం చదివి నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. హార్బరు ప్రారంభమై అప్పటికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. సింధియా అనే ఓడల కంపెనీ వాళ్ల కర్మాగారానికి శంకుస్థాపన జరిగి ఏడాది కూడా కాలేదు. ఊరు అప్పుడప్పుడే పెద్దదవుతోంది. అంతలో ఆకాశం నుంచి బాంబులు.

తరువాత విశ్వవిద్యాలయం వైపు నుంచి చూశాను. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు యుద్ధం రోజుల్లో కొన్నేళ్లు గుంటూరుకు తరలిపోయింది. ఇక్కడి భవనాలు సైన్యం చేతికి వెళ్లాయి. మూడో చోటు ఆ రోజుల పత్రికలు. వాటి మీద యుద్ధకాలపు సెన్సారు ఉండేది. ఎక్కడ ఎంత నష్టం జరిగిందో ఉన్నదున్నట్టు రాసే వీలు లేదు. అందుకని పాత పత్రిక చేతికి తీసుకున్నప్పుడు అచ్చయిన అక్షరంతో పాటు, అచ్చు కానివ్వని అక్షరాన్ని కూడా ఊహించుకుంటూ చదవాలి. ఇది నాకు చాలా కష్టంగా అనిపించింది. ఇప్పటికీ బాగా రాదు.

నాలుగో చోటు మా ఇల్లే. మా తాతమ్మ అప్పటికి తొమ్మిదేళ్ల పిల్ల. వాళ్లది కోటవీధి. ఫోనులో రికార్డు చేస్తానంటే ముందు నవ్వింది, తరువాత చీర సర్దుకుని కూర్చుంది. "చింతపండు గింజ తీస్తున్నాం నాన్నా," అంటూ మొదలుపెట్టింది. చైత్రమాసం, కొత్త చింతపండు వచ్చే రోజులు. పెరట్లో చాప పరిచి ఆడవాళ్లు, పిల్లలు అందరూ కూర్చున్నారట. పెద్ద చప్పుడైంది. ఇల్లు అదిరింది. వాళ్ల నాన్న పరుగెత్తుకుంటూ వచ్చి, ఉన్నవాళ్లను ఉన్నట్టే లేవదీశాడు. రాత్రికి ఎడ్లబండి మీద చోడవరం వైపు ఒక పల్లెకు వెళ్లిపోయారు. చింతపండు చాప మీదే ఉండిపోయింది.

ఇంతవరకూ బాగానే ఉంది. తరువాత ఆమె, "ఆ ఎండెను ఓడ వచ్చింది కదా," అంది. నేను వెంటనే, "కాదు తాతమ్మా, ఎండెను జర్మనీ వాళ్ల ఓడ. అది మద్రాసు మీద గుండ్లు వేసింది, 1914లో. నువ్వు అప్పటికి పుట్టలేదు," అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. "మరి మా అమ్మ అలాగే చెప్పింది," అంది. ఆ తరువాత పది నిమిషాలు ఏది అడిగినా, "నాకేం తెలుసు, నువ్వే చదువుకున్నావుగా," అనే జవాబే వచ్చింది.

ఆ రికార్డింగు మా మేడమ్‌కు వినిపించాను. సరిదిద్దడానికి ఎందుకంత తొందరపడ్డావు అని అడిగారు. ఆలోచిస్తే అర్థమైంది. తాతమ్మ వాళ్ల అమ్మ చిన్నప్పుడు ఎండెను భయం విని పెరిగిన మనిషి. ఇరవై ఎనిమిదేళ్ల తరువాత మళ్లీ సముద్రం వైపు నుంచి ముప్పు వస్తే, ఆమె నోట ఆ పాత పేరే వచ్చింది. ఓడ పేరు తెలుసుకోవాలంటే తాతమ్మ మాట పనికిరాదు. ఈ తీరంలో ఒక భయం తల్లి నుంచి బిడ్డకు ఎలా చేరిందో తెలుసుకోవాలంటే ఆ మాటను మించిన ఆధారం నాకు దొరకలేదు. నేను తప్పనుకుని దాదాపు చెరిపేశాను.

అప్పటి నుంచి ఊళ్లో ఎక్కడికి వెళ్లినా ఇదే ధ్యాస. సింహాచలంలో శాసనాలు చూడటానికి వెళ్లాను. వందల కొద్దీ ఉన్నాయి అక్కడ. కటకం (కటక్) ఏలిన గజపతి రాజు మీదికి దండెత్తి వచ్చిన కృష్ణదేవరాయలు 1516లో స్వామికి 991 ముత్యాల హారం సమర్పించినట్టు రాతి మీద ఉంది. ముత్యాల లెక్క అంత కచ్చితంగా ఉంది. ఆ అక్షరాలు చెక్కిన మనిషి పేరు కోసం వెతుక్కోవాలి. ఆ యుద్ధంలో ఎవరి పొలాలు తొక్కిపోయాయో రాతిలో దొరకదు. దానం చెప్పడానికి వేయించిన శాసనం దానమే చెబుతుంది. అందులో దాని తప్పేమీ లేదు. మనం దాన్ని అడగవలసింది అంతవరకే.

ఇక ఘాజీ సంగతి. ఇది మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే దీని మీద సినిమా వచ్చాక మా తరగతిలో సగం మంది సినిమానే చరిత్ర అనుకుంటున్నారు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే వేళకు పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరం దగ్గర మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. మన నౌకాదళం చెప్పేది, ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక వేసిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్ల మునిగిందని. పాకిస్థాన్ చెప్పేది, లోపలి పేలుడు వల్లనో మందుపాతర వల్లనో మునిగిందని. రెండు దేశాలకూ తమ మాట నిలబడటం అవసరం. బీచ్ రోడ్డులో ఆ 1971 యుద్ధం గుర్తుగా నిలిపిన విజయ స్తూపం ముందు నిలబడి నేను ఇంకొకరి గురించి ఆలోచించాను. నీళ్ల మీద తేలుతున్న వస్తువులను మొదట ఒడ్డుకు తెచ్చినవాళ్లు మన జాలర్లు. వాళ్ల చేతికి దొరికినవి ఏ దేశం కథకూ కట్టుబడినవి కావు. ఆ తెల్లవారుజామున సముద్రం ఎలా ఉందో, వాళ్లు ఏం చూశారో, వాళ్ల మాటల్లో పూర్తిగా రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేది!

గాజువాక వైపు నా స్నేహితురాలి ఇంట్లో ట్రంకు పెట్టెలో ఒక ఆర్ కార్డు ఉంది. ఉక్కు కర్మాగారం కోసం భూములిచ్చిన నిర్వాసితుల కుటుంబాలకు ఇచ్చినది. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అనే 1966 నాటి నినాదం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ కార్డును మాత్రం మొన్నే మొదటిసారి పట్టుకుని చూశాను. అందులో ఒక ఊరి పేరు ఉంది. ఆ ఊరు ఎటు ఉండేదని వాళ్ల తాతగారిని అడిగితే, ఆయన చేత్తో కర్మాగారం గోడ వైపు చూపించారు.

మళ్లీ మా తాతమ్మ దగ్గరికి వస్తాను. నెల తరువాత ఇంకోసారి కూర్చున్నాను. ఈసారి ఏదీ సరిదిద్దలేదు. చివర్లో, ఎందుకు అడిగానో తెలియదు, "మరి ఆ చింతపండు ఏమైంది?" అన్నాను.

"ఎవరో ఎత్తుకుపోయారు నాన్నా. గింజ తీసిందంతా పోయింది. తీయనిది అలాగే ఉంది."

ఊరు ఊరంతా ఖాళీ అయిపోయిందని నా ప్రాజెక్టులో రాసుకున్నాను. ఇప్పుడా వాక్యాన్ని కొట్టేశాను. బాంబులు పడ్డాక కూడా కోటవీధిలో ఎవరో ఉన్నారు. బండి కట్టుకోవడానికి డబ్బు లేనివాళ్లా, వెళ్లడానికి పల్లెలో బంధువులు లేనివాళ్లా, మంచం మీద ముసలివాళ్లను వదలలేనివాళ్లా? వాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగింది, పులుసు కాగింది. వన్‌టౌన్‌లో, జాలారిపేటలో, కొబ్బరితోటలో, ఇంకెక్కడైనా సరే, 1942లో ఊరు విడిచి వెళ్లకుండా ఉండిపోయిన కుటుంబం మీదైతే, ఇంట్లో పెద్దవాళ్లు ఆ రోజుల గురించి ఏం చెప్పేవారో నాకు రాయండి. ఓడ పేరు తప్పు చెప్పినా ఫరవాలేదు.